తొమ్మిదో షెడ్యూలు చట్టాన్ని కాపాడింది – భూమిని కాపాడేదెవరు?

దూలపల్లి, కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపట్ల కూలీలు నలుగురు కూడిన చోట భూమి మాట వస్తే ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. "సీలింగు చట్టం మన కోసమే వచ్చిందంటిరి. తొమ్మిదో షెడ్యూల్ల పెట్టిండ్రు, ఇగ దాన్ని ఏ కోర్టూ ముట్టలేదంటిరి. మరి పెద్ద పట్టాదారు కోర్టుకు పోంగనే స్టే ఎట్ల వస్తున్నది?" అని.

న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు తెలియకపోతే రెండు రకాలుగా దెబ్బ తింటాం. చట్టం మనదే కదా, భూమి ఎక్కడికి పోతుంది అని చేతులు ముడుచుకుని కూర్చోవడం ఒకటి. కోర్టులు వున్నోళ్లవే, అక్కడ మనకేం పని అని నోటీసు వచ్చినా పోకుండా వుండడం రెండోది. రెండు విధాలా పోయేది మన భూమే.

దూలపల్లి సంగతే చూడండి. ఒక పక్క అడవి, అటవీ అకాడమీ. మరో పక్క జీడిమెట్ల పారిశ్రామికవాడ. కాస్త దూరంలో కొంపల్లి మీదుగా మేడ్చల్ పోయే జాతీయ రహదారి. నగరం పెరుగుతూ పెరుగుతూ వూరిని మింగేసింది. ఎకరాలు, గుంటల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. నాట్లు వేసిన చేతులు సెంట్రింగు పనికి, తాపీ పనికి, గోదాముల్లో మూటలు మోసే పనికి మళ్లాయి. ఇలాంటి చోట ఎకరం సీలింగు భూమి, అరెకరం లావణి పట్టా అంటే పంట పండించుకునే చెలక మాత్రమే కాదు. పెద్ద పెద్దవాళ్ల కళ్లు పడే ఆస్తి. కనుక భూసంస్కరణల మీద కోర్టులు ఏమన్నాయో ఇక్కడి కూలికి తెలిసి తీరాలి.

న్యాయసమీక్ష అంటే ఏమిటి?

శాసనసభ చేసిన చట్టం గానీ, అధికారి వేసిన ఉత్తర్వు గానీ రాజ్యాంగానికి లోబడి వున్నదా లేదా అని చూసి, లేకపోతే చెల్లదని చెప్పే అధికారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వుంది. దాన్నే న్యాయసమీక్ష అంటారు. ఇందులో రెండు పనులున్నాయి. చట్టాన్నే పరీక్షకు పెట్టడం ఒక పని. ఆ చట్టం కింద ఫలానా సర్వే నంబరు మీద ఫలానా అధికారి చేసిన నిర్ణయాన్ని పరీక్షకు పెట్టడం రెండో పని. ఈ రెండింటికీ తేడా పట్టుకుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

కవచం ఎట్లా పుట్టింది?

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్లు కమ్యూనిస్టు పార్టీ లెక్క. నైజాం ప్రభుత్వం 1948 సెప్టెంబరులో కూలింది. పోరాటం వేడి చల్లారకముందే, 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. హైదరాబాదు చుట్టుపట్ల వూళ్లు చాలా మటుకు నైజాం సొంత ఖర్చులకు పెట్టుకున్న సర్ఫేఖాస్ కింద, పాయెగాల కింద, జాగీర్దార్ల కింద వుండేవి. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. అటు ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను తీసివేసింది. ఇవేవీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు.

ఇంతలో 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అందులో ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కుగా వుంది. జమీందార్లు దాన్ని పట్టుకుని కోర్టులకెక్కారు. 1951 మార్చి 12న పాట్నా హైకోర్టు బీహారు భూసంస్కరణల చట్టాన్ని కొట్టివేసింది. ఆ కేసు వేసినది దర్భంగా మహారాజు. పెద్ద జమీందారుకు తక్కువ రేటున, చిన్న జమీందారుకు ఎక్కువ రేటున పరిహారం ఇవ్వడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని తీర్పు. ఎంత విచిత్రం! ఒక్కడి గుప్పిట్లో వేల ఎకరాలు, వాటి మీద పనిచేసేవాడికి సెంటు లేకపోవడం సమానత్వానికి అడ్డం రాలేదు. పెద్ద జమీందారుకు పరిహారం రేటు తగ్గించడం మాత్రం అడ్డం వచ్చింది!

దీనితో 1951 జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేశారు. 31-ఎ, 31-బి అధికరణలు చేర్చారు. వెనక తొమ్మిదో షెడ్యూలు అనే పట్టిక తగిలించారు. ఈ పట్టికలో చేరిన చట్టాన్ని ప్రాథమిక హక్కులకు విరుద్ధమన్న కారణంతో ఏ కోర్టూ కొట్టివేయకూడదు. ఇదే ఆ కవచం. మొదట పట్టికకెక్కిన చట్టాలు 13. వాటిలో నాలుగు మన తెలుగు నేలకు సంబంధించినవి: మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, దాని సవరణ, హైదరాబాదు జాగీర్ల రద్దు రెగ్యులేషన్, జాగీర్ల కమ్యుటేషన్ రెగ్యులేషన్. అంటే తెలంగాణ మట్టిలో మొదలయిన పోరాటం రాజ్యాంగం పుటల్లోకి కూడా ఎక్కిందన్నమాట. అదే ఏడాది అక్టోబరులో శంకరీప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సవరణ చెల్లుతుందని చెప్పింది.

రెండో విడత తగాదా

జమీందార్లు పోయినా భూస్వాములు పోలేదు. ఈసారి తగాదా రైత్వారీ భూముల మీదికి, సీలింగు మీదికి వచ్చింది. కేరళలో 1957లో వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం తలపెట్టిన భూసంబంధాల చట్టాన్ని, అది చట్టమయి వచ్చాక 1961 డిసెంబరులో, రైత్వారీ భూముల విషయంలో చెల్లదని సుప్రీంకోర్టు అన్నది. దానికి జవాబుగా 1964లో 17వ సవరణ చేసి మరో 44 చట్టాలను తొమ్మిదో షెడ్యూలులో చేర్చారు. మన రాష్ట్రం 1961 నాటి సీలింగు చట్టం కూడా అప్పుడే ఎక్కింది. ఆ చట్టం సంగతి చెప్పుకోవాలంటే నవ్వు వస్తుంది. భూమి రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా వుంచుకోవచ్చునన్నారు. అంత పెద్ద జల్లెడలో ఏ భూస్వామి చిక్కుతాడు? కవచం తొడిగారు గానీ లోపల మనిషే లేడు.

17వ సవరణలోనే 31-ఎ కింద ఇంకో మాట కూడా చేర్చారు. సీలింగుకు లోబడి, స్వయంగా సాగు చేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెటు ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. చిన్న రైతు గుర్తుంచుకోవలసిన మాట ఇది.

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసు తీర్పు వచ్చింది. పంజాబులో 500 ఎకరాలు వున్న కుటుంబం వేసిన కేసు. పదకొండు మంది జడ్జీలలో ఆరుగురు ఒక పక్క, అయిదుగురు ఒక పక్క. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించడానికి వీల్లేదు, పాత సవరణల జోలికి పోము గానీ ఇకముందు చెల్లదు అని తీర్పు. ఆ తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువాడు, కోకా సుబ్బారావు. ఆ తరువాత కొద్ది వారాలకే ఆయన పదవి వదిలి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు.

దీన్ని దాటడానికి 1971లో 24, 25 సవరణలు వచ్చాయి. వాటి మీద జరిగిన యుద్ధమే కేశవానంద భారతి కేసు. కేరళలోని ఎడనీరు మఠాధిపతి, కేరళ భూసంస్కరణల చట్టం మీద వేసిన కేసు అది. పదమూడు మంది జడ్జీలు 68 రోజులు విన్నారు. 1973 ఏప్రిల్ 24న ఏడుగురు ఒకటి, ఆరుగురు ఒకటి అన్నారు. పార్లమెంటు రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా, ప్రాథమిక హక్కులతో సహా, సవరించవచ్చు. కాని రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని మాత్రం చెడగొట్టకూడదు. ఇదీ సారాంశం. ఆ ఏడుగురిలో మన హైదరాబాదు జడ్జి పి. జగన్మోహనరెడ్డి ఒకరు. ఇల్లు మార్చుకోవచ్చు, గోడలు తీసి కట్టుకోవచ్చు, నిట్టాడు మాత్రం పీకకూడదు అన్నట్టు.

మన సీలింగు చట్టం

ఇక మన చట్టానికి వద్దాం. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా వున్నప్పుడు 1972లో తయారయి, 1973 జనవరి 1న రాష్ట్రపతి ఆమోదం పొందింది. అదే ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల (వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి) చట్టం, 1973. అయిదుగురు వున్న కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. మిగులు భూమి పంపకంలో సగం మేరకు షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఇవ్వాలి. కాగితం మీద ఇది 1961 చట్టం కన్నా ఎన్నో రెట్లు నయం.

అయితే ఆమోదం 1973 జనవరి 1న, అమలు 1975 జనవరి 1న! మధ్యలో రెండేళ్లు. ఆ రెండేళ్లలో భూస్వామి వూరికే వుంటాడా? పాలేరు పేర, బావమరిది పేర కాగితాలు పుట్టించుకోవడానికి కావలసినంత వ్యవధి. చట్టం దీన్ని ముందే వూహించింది. 1971 జనవరి 24 తరువాత చేసిన బదలాయింపులు సీలింగు తప్పించుకోవడానికి చేసినవి కావని భూస్వామే నిరూపించుకోవాలని 7వ సెక్షనులో రాసింది. మంచి మాటే. కాని ఆ మాట పట్టుకుని అడిగేవాడు వూళ్లో వుంటేనే అది పనిచేస్తుంది.

1974 సెప్టెంబరులో 34వ సవరణ ద్వారా ఈ చట్టాన్ని తొమ్మిదో షెడ్యూలులో 67వ నంబరుగా చేర్చారు. ఇక్కడ తేదీ గమనించండి. కేశవానంద తీర్పు 1973 ఏప్రిల్ 24. మన చట్టం షెడ్యూలుకెక్కినది దాని తరువాత. 1980లో వామనరావు కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఆ తేదీ దగ్గర గీత గీసింది. 1973 ఏప్రిల్ 24కు ముందు షెడ్యూలులో చేరిన చట్టాలకు పూర్తి రక్షణ. ఆ తరువాత చేరినవి మౌలిక స్వరూపం పరీక్షకు నిలవాలి. మన సీలింగు చట్టం గీతకు ఇవతల పడింది. మరి కూలిపోయిందా? లేదు. అదే వామనరావు కేసులో 31-ఎ అధికరణాన్ని కోర్టు నిలబెట్టింది. భూసంస్కరణ చట్టాలకు ఆ అండ వేరే వుంది. అదే 1980లో తుమాటి వెంకయ్య కేసులో మన చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 1982లో ఇంకో మెట్టు ఎక్కింది. రిజిస్ట్రేషను లేని కాగితంతో అమ్మినట్టు చూపి భూమి చేతులు మారిస్తే, ఆ భూమిని అమ్మినవాడి లెక్కలోనూ, పట్టుకున్నవాడి లెక్కలోనూ కలపవచ్చునన్నది. దొంగ కాగితాలకు అది గట్టి దెబ్బ.

అంటే తెలుగునాట సీలింగు చట్టాన్ని ఏ కోర్టూ కూల్చలేదు. కవచం తన పని తాను చేసింది.

మరి భూమి ఎట్లా జారిపోయింది?

ఉమ్మడి రాష్ట్రంలో సీలింగు కింద మిగులుగా తేలినది ఎనిమిది లక్షల ఎకరాల లోపు. పేదలకు పంచినది ఆరు లక్షల ఎకరాల లోపు. అంత పెద్ద రాష్ట్రంలో, అన్ని లక్షల మంది భూమిలేని కుటుంబాల మధ్య, ఇది ఏ మూలకు? చట్టం నిలబడి వుండగానే భూమి మూడు దారుల్లో జారిపోయింది.

మొదటి దారి చట్టం లోపలే వుంది. 1977లో 4-ఎ సెక్షను చేర్చారు. భూమి లేని మేజరు కొడుకు వుంటే అతని పేర తండ్రి పరిమితి పెరుగుతుంది. ఇద్దరు కొడుకులుంటే ఇద్దరి పేరా పెరుగుతుంది. ఇది కోర్టు చేసిన కన్నం కాదు, శాసనసభ స్వయంగా కొట్టిన కన్నం.

రెండో దారి డిక్లరేషను. తన భూమి ఎంతో భూస్వామే రాసి ఇవ్వాలి. దాన్ని సరిచూసేది రెవిన్యూ యంత్రాంగం. పట్వారీ దస్తరం ఎవరి ఇంట్లో వుండేదో మన పెద్దవాళ్లకు తెలియనిది కాదు.

మూడో దారి, మనం మొదట అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇదే. తొమ్మిదో షెడ్యూలు కాపాడేది చట్టాన్ని. ఆ చట్టం కింద వేసిన ప్రతి ఉత్తర్వునూ అది కాపాడదు. ట్రిబ్యునలు నిర్ణయం మీద అప్పీలు వుంది. అప్పీలు మీద హైకోర్టుకు రివిజను వుంది. వీటిని చట్టమే ఇచ్చింది. ఇవి కాక రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్టు వుంది. భూస్వామి చట్టం తప్పు అనడు. "ఈ నంబరు మాగాణి కాదు, మెట్ట. ఈ అయిదెకరాలు పోరంబోకులో పోయాయి. ఆ చెల్లెలికి పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చాను" అంటాడు. కేసు వెనక్కి వస్తుంది, మళ్లీ విచారణ, మళ్లీ అప్పీలు, మళ్లీ స్టే. ఫైలు పడుకుంటుంది. ఈలోగా తరం మారుతుంది. చెలక వెంచరవుతుంది. చివరికి పేదవాడు గెలిచాడే అనుకుందాం, గెలిచిన నంబరులో అప్పటికి మూడంతస్తుల మేడలు వుంటాయి. భూస్వామికి తీర్పు గెలవవలసిన అవసరం కూడా లేదు, కాలం గెలిస్తే చాలు.

కాబట్టి స్టే రావడం చూసి "కోర్టు చట్టాన్ని కొట్టేసింది" అని బెంబేలు పడవద్దు. స్టే అంటే తీర్పు కాదు. దాన్ని తీసివేయించమని అడిగే హక్కు పట్టా పొందినవాడికి వుంది. అడగాలంటే మాత్రం కేసులో మనం పార్టీగా వుండాలి. చాలా కేసులలో ఒక పక్క భూస్వామి, మరో పక్క ప్రభుత్వం. పట్టా తీసుకున్న కూలీ పేరు ఎక్కడా వుండదు. ప్రభుత్వ వకీలు ఏం వాదించాడో, అసలు వాదించాడో లేదో అతనికి తెలియదు.

కోర్టు కాపాడినదాన్ని సభ తీసేసింది

ఇంకో ఉదాహరణ నగరం చుట్టుపట్ల వాళ్లకు బాగా తగులుతుంది. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. హైదరాబాదులో ఖాళీ జాగా వెయ్యి చదరపు మీటర్లకు మించి వుండకూడదన్నారు. దీన్నీ తొమ్మిదో షెడ్యూలులో చేర్చారు. 1981లో భీంసింగ్‌జీ కేసులో సుప్రీంకోర్టు ఒక చిన్న నిబంధన తప్ప మిగతా చట్టాన్ని నిలబెట్టింది. మరి ఇవాళ ఆ చట్టం ఏమయింది? పార్లమెంటు 1999లో రద్దు చట్టం చేసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 మార్చి 27 నుంచి ఆ రద్దు అమల్లోకి వచ్చింది. కోర్టు కొట్టివేయని చట్టాన్ని పాలకులే కొట్టివేశారు. కవచం కోర్టు బాణం నుంచి కాపాడుతుంది. లోపలివాడే కవచం విప్పేస్తే ఎవరేం చేస్తారు? వ్యవసాయ భూమి సీలింగు చట్టం ఇంకా పుస్తకంలో వుందంటే, అది అక్కడ వుండేట్టు చూసుకోవలసింది మనమే.

కోర్టు మన పక్క మాట్లాడిన సందర్భాలు

న్యాయసమీక్ష ఎప్పుడూ భూస్వామి చేతి కత్తే అనుకుంటే పొరబాటు. అది ఎవరు పట్టుకుంటే వాళ్ల చేతిలో పనిచేస్తుంది.

రక్షిత కౌలుదార్ల సంగతి తీసుకోండి. 1950 కౌలుదారీ చట్టంలో 38-ఇ సెక్షను ప్రకారం రక్షిత కౌలుదారుకు భూమి మీద యాజమాన్య హక్కు వస్తుంది. తెలంగాణలో దాన్ని 1973 జనవరి 1 నుంచి అమలులో పెట్టారు. "నీ దగ్గర సర్టిఫికెటు లేదు, ఆ రోజు భూమి నీ కబ్జాలో లేదు, కనుక హక్కు లేదు" అని భూస్వాములు వాదించారు. ఉట్నూరు తహసీల్దారు కేసులో 1987లో హైకోర్టు ఫుల్ బెంచి ఆ వాదం చెల్లదన్నది. అమలు తేదీ నాడే హక్కు దానంతటదే కౌలుదారుకు సంక్రమించింది, సర్టిఫికెటు దానికి సాక్ష్యం మాత్రమే అని చెప్పింది. తాతలు రక్షిత కౌలుదార్ల జాబితాలో వున్న కుటుంబాలు ఈ చుట్టుపట్ల ఎవరైనా వుంటే ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి.

ఇక అసైన్డు భూమి, మన లావణి పట్టా. 1977 నాటి 9వ నంబరు చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. పేదవాడి చేతినుంచి భూమి జారకుండా చేసిన కట్టడి ఇది. అయితే ప్రభుత్వమే ఏదో పని పేరున ఆ భూమి తీసుకున్నప్పుడు "ఇది ప్రభుత్వం ఇచ్చిన భూమే, వెనక్కి తీసుకుంటున్నాం, పరిహారం లేదు" అని పట్టా కాగితంలోని షరతు చూపేది. పక్కనే వున్న పట్టా భూమికి మాత్రం డబ్బు ముట్టేది. మన రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజనుకు చెందిన మేకల పాండు కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఈ తేడాను తప్పుపట్టింది. షరతు తప్పని అసైన్డుదారుకు పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలి, ఇవ్వనవసరం లేదనే షరతు రాజ్యాంగ విరుద్ధం అని చెప్పింది. పాట్నాలో జమీందారు వాడుకున్న సమానత్వ సూత్రాన్నే చేవెళ్లలో పేదవాడు వాడుకున్నాడు! తరువాత 2013 భూసేకరణ చట్టం అసైన్డు భూమి గలవారిని కూడా భూయజమానుల నిర్వచనంలో చేర్చింది. మూడేళ్లుగా ఆ భూముల మీద ఆధారపడి అక్కడే బతుకుతున్న వ్యవసాయ కూలీలను, కౌలుదార్లను బాధిత కుటుంబాలుగా గుర్తించింది.

రెండో వైపు కూడా చెప్పాలి. 2023లో ఖానాపూర్ భూముల కేసులో, అసైన్డుదార్లు షరతు తప్పి భూమిని పరాధీనం చేశారన్న కారణంతో ప్రభుత్వం వెనక్కి తీసుకోవడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ఇదీ మన రంగారెడ్డి జిల్లా ముచ్చటే. వెంచరువాడు బయానా అని చేతిలో నాలుగు నోట్లు పెట్టి తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే, భూమి తరతరాలకూ పోతుంది. పరిహారం కూడా పోతుంది. మేకల పాండు తీర్పు కూడా అప్పుడు మనకు అక్కరకు రాదు.

ఇప్పటి పరిస్థితి

2007 జనవరి 11న కోయెల్హో కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా చెప్పారు: 1973 ఏప్రిల్ 24 తరువాత షెడ్యూలులో చేరిన ఏ చట్టమైనా మౌలిక స్వరూపం పరీక్షకు నిలవాలి. ఈ కేసు పుట్టింది కూడా తమిళనాడు గూడలూరు జన్మం భూముల నుంచే. అప్పటికి తొమ్మిదో షెడ్యూలు పట్టిక 284వ నంబరు దాకా పెరిగింది. భూమికి సంబంధం లేని చట్టాలను కూడా దాంట్లో దాచారు. భూసంస్కరణల కోసం కట్టిన గూట్లో నానా సామానూ పెడితే, గూటి మీద అనుమానం రాకుండా వుంటుందా?

2024 నవంబరు 5న మరో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం, ప్రైవేటు ఆస్తి అంతా సమాజపు వనరు అనలేమని చెప్పింది. దీన్ని పట్టుకుని భూసంస్కరణల కాలం చెల్లిందని ప్రచారం చేస్తున్నవాళ్లున్నారు. తీర్పు ఆ మాట అనలేదు. కొన్ని ప్రైవేటు వనరులు సమాజపు వనరుల కిందికి రావచ్చునని, ఏది వస్తుందో దాని స్వభావాన్ని, సమాజం మీద దాని ప్రభావాన్ని చూసి తేల్చాలని అన్నది. 31-ఎ ఇప్పటికీ రాజ్యాంగంలో వుంది. ఆస్తి హక్కు 1978 నాటి 44వ సవరణతో ప్రాథమిక హక్కుల నుంచి పోయి 300-ఎ అధికరణం కింద మామూలు రాజ్యాంగ హక్కుగా వుంది. చట్ట ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదని ఆ అధికరణం అంటున్నది. ఈ మాట దొరకే కాదు, అరెకరం లావణి పట్టా వున్న ముసలమ్మకూ వర్తిస్తుంది.

ధరణి పేరున 2020లో తెచ్చిన చట్టం తహసీలు, డివిజను స్థాయిలో రెవిన్యూ కోర్టులను తీసివేసింది. పహాణీలో అనుభవదారు కాలమ్ పోయింది. తప్పు పడితే చెప్పుకోవడానికి మెట్టు లేక పేదవాడు హైకోర్టుకో సివిలు కోర్టుకో పోవలసి వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. అధికారుల దగ్గర అప్పీలు మెట్లు తిరిగి వచ్చాయి. ఎక్కేవాళ్లుంటేనే మెట్లకు పని.

మనం చేయవలసింది

ఒకటి, కాగితం. 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తరువాతి పహాణీలు, రక్షిత కౌలుదార్ల జాబితా, అసైన్‌మెంటు పట్టా, సీలింగు భూమి అయితే అప్పగింత పత్రం – వీటి నకళ్లు సంపాదించాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కొక్కరు విడిగా తిరిగేకంటే సర్వే నంబరు వారీగా అందరూ కలిసి పెట్టండి.

రెండు, కబ్జా. పడావు పెట్టిన భూమికి పదిమంది హక్కుదార్లు పుడతారు. నాలుగు గుంటలైనా సాగులో వుంచండి. హద్దురాళ్లు పీకితే ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

మూడు, నోటీసు. నోటీసు తీసుకోకపోతే కేసు ఆగదు, మనం లేకుండా నడుస్తుంది. చదువు రాకపోతే సంఘం దగ్గరికి తీసుకురండి. నోటీసు ఇవ్వకుండా పట్టా రద్దు చేస్తే మాత్రం, మా మాట వినకుండా చేశారు అన్న ఒక్క కారణం మీదనే ఆ ఉత్తర్వును ప్రశ్నించవచ్చు. న్యాయసమీక్షలో పేదవాడికి అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చేది ఇదే.

నాలుగు, వకీలు. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, ఆడవాళ్లకు, ఆదాయం తక్కువ వున్నవారికి ఉచితంగా వకీలును పెట్టాలి. అది భిక్ష కాదు, హక్కు. మన భూమి మీద ప్రభుత్వానికీ పెద్ద పట్టాదారుకూ మధ్య కేసు నడుస్తుంటే, మనల్ని కూడా పార్టీలుగా చేర్చమని అర్జీ పెట్టించండి.

అయిదు, వేలిముద్ర. అసైన్డు భూమి మీద ఏ కాగితమూ, ఎంత తీపిగా చెప్పినా, పదిమందికి చూపించకుండా వేయవద్దు.

వీటిలో ఏ ఒక్కటీ విడి మనిషి వల్ల అయ్యేది కాదు. నకలుకు తిరిగేవాడు ఒకడు, చదివి చెప్పేవాడు ఒకడు, కోర్టు తేదీకి తోడు వచ్చేవాడు ఒకడు, ఆ రోజు కూలి పోయినవాడికి ఇంట్లో గింజలు చూసేవాడు ఒకడు కావాలి. భూస్వామికి డబ్బు చేసే పనిని మనకు సంఘం చేయాలి. కాలమే అతని ఆయుధమైనప్పుడు, ఏళ్ల తరబడి కేసు వెంట నడవగల వోపికను కూడగట్టుకోవడమే మన ఆయుధం.

1951లో తొమ్మిదో షెడ్యూలు పుట్టడానికి కారణం పార్లమెంటు తెలివి ఒక్కటే కాదు. దాని వెనక పల్లెల్లో లేచి నిలబడ్డ జనం వున్నారు. జనం నిలబడ్డన్నాళ్లు చట్టాలు వచ్చాయి, కోర్టులు వాటిని ఒప్పుకున్నాయి. జనం చెదిరిపోయిన చోట చట్టం పుస్తకంలోనే వుండిపోయింది, భూమి మాత్రం గజాలుగా తెగి అమ్ముడుపోయింది. దూలపల్లి నుంచి శామీర్‌పేట దాకా ఇంకా తెగని గుంటలు కొన్ని మిగిలివున్నాయి. అవి ఎవరి పేర వున్నాయో, ఏ ఫైలులో ఏ స్టే కింద పడివున్నాయో ఈ నెలలోనే జాబితా రాయడం మొదలు పెడదాం.